చేతులు కడిగే చోటు

అమ్మ పోయి నెల తిరగకముందే నేను బ్యాటరీ కంపెనీలో చేరాను. ఎందుకు చేరావని తర్వాత చాలామంది అడిగారు. పొద్దున లేచి ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి, ఆ ఉద్యోగం రమ్మంది, వెళ్లాను.

అంతకుముందు ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక మీసేవలో పనిచేసేదాన్ని. పర్మిషన్ల కోసం తిరిగి తిరిగి చొక్కా వీపంతా తడిసిన వెంకటసాయి అనే మనిషి ఒకరోజు నా కౌంటర్ ముందు నిలబడి, "మీకు ఈ ఆఫీసులన్నీ తెలుసు కదండీ, మా కంపెనీలో చేరతారా?" అన్నాడు. ఏం కంపెనీ అని అడిగాను. బ్యాటరీలు అన్నాడు. ఆ మాటకు నాలో ఏదో ఒకటి కదలాలి. కదల్లేదు. సరే అన్నాను.

మా అమ్మ రుక్కమ్మను చంపింది బ్యాటరీలే. మా ఊరి చివర గుట్ట కింద, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటుండేది. బోరు ఎండిపోయి, ఉన్న కాస్త పొలం సాగు లేక పడావు పడ్డాక అమ్మ అందులో పనికి పోయింది. సాయంత్రం మసి పట్టిన చీరతో ఇంటికొచ్చి, వాకిట్లో తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, అదే చీరతో పొయ్యి ముందు కూర్చునేది. మొదట కడుపునొప్పి అంది. తర్వాత ఒంట్లో రక్తం లేదన్నారు. చివరికి కిడ్నీలు. పట్నంలో పెద్ద దవాఖాన డాక్టరు "ఏం పని చేసేవాళ్లమ్మా మీరు?" అని అడిగిన రోజునే మాకు సంగతి అర్థమైంది. ఆ షెడ్డుకు పేరు లేదు, బోర్డు లేదు, ఏ ఆఫీసులోనూ దాని కాగితం లేదు. తనిఖీకి ఎవరో వస్తున్నారని తెలిసి యజమానులు సామాను సర్దుకుని పోయారు. పగలగొట్టిన బ్యాటరీల నల్లటి పెంకుల కుప్ప మాత్రం గుట్ట కిందే మిగిలింది.

వెంకటసాయిది వేరే పని. ఆటోలకు, ఇళ్లమీది సోలారుకు పనికొచ్చే సోడియం బ్యాటరీలు. వాటిలో సీసం ఉండదు, యాసిడ్ ఉండదు. ఒక రకం పొడిని కలిపి పల్చటి రేకుకు పూత పూస్తారు. వెంకటసాయి వాళ్లది కోస్తా నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఉద్యోగం మానేసి, మా ఊరి పొలిమేరలో షెడ్డు వేసి, మిషన్లు తెప్పించి కూర్చున్నాడు. మిగతా పర్మిషన్లన్నీ వచ్చేశాయి. పంచాయతీ నుంచి రావాల్సిన ఎన్‌ఓసీ ఒక్కటే రాలేదు.

అది సర్పంచుల పదవీకాలం అయిపోయి, మళ్లీ ఎలక్షన్లు ఎప్పుడో ఎవరికీ తెలియని కాలం. ఊళ్లను స్పెషలాఫీసర్ల చేతిలో పెట్టారు. మా ఊరికి కృపారాణి మేడం. ఆమె అసలు ఉద్యోగం వ్యవసాయ శాఖలో. దానికి తోడు మూడు ఊళ్లు.

మొదటిసారి మేము వెళ్లినప్పుడు మండలాఫీసులో కరెంటు లేదు. మేడం ఒక పాత క్యాలెండరుతో విసురుకుంటోంది.

"మీ ఫైలుల తప్పేం లేదమ్మా. ఊరు నుంచి అబ్జక్షన్ ఉన్నది. ఎలక్టెడ్ బాడీ లేనప్పుడు నేను సంతకం పెడితే రేపు నా మెడకు చుట్టుకుంటది. జర సర్పంచిని రానియ్యండి."

"ఎలక్షన్లు ఎప్పుడండీ?" అన్నాడు వెంకటసాయి.

"నాకు తెలిస్తే నేనే సంబరం చేస్కుంట."

అభ్యంతరం ఎవరిదని నేను అడిగాను. ఆమె ఫైలు తిప్పి చూసింది. "కాశయ్యంట. వెనక ఇంకా చాలామంది ఉన్నరు. మీ ఊరాయనే కదా, ఎరుకేనా?"

"ఎరుకే" అన్నాను.

బయటికొచ్చి కారెక్కాక వెంకటసాయితో చెప్పాను, కాశయ్య మా నాన్న అని. అమ్మ సంగతి కూడా అప్పుడే చెప్పాను. అతను తాళం తిప్పబోయి ఆగిపోయాడు.

"మీరు మానేస్తానంటే నేనేమీ అనుకోనండి."

"మానెయ్యను."

"ఇబ్బంది కదండీ ఇంట్లో?"

"మా ఇంట్ల ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు సార్. ఎవ్వరం మాట్లాడుకుంటలేం."

నిజమే. అమ్మ పోయాక ఇంట్లో మేము ముగ్గురం మిగిలాం. నేను, మా బాపు కాశయ్య, మాతోపాటే ఉండే మేనత్త మణెమ్మ. అత్త వండేది, మేము తినేవాళ్లం. టీవీ నడిచేది, ఎవరం చూసేవాళ్లం కాదు. నేను ఎక్కడ చేరానో బాపుకు చెప్పలేదు. ఆయన ఏం రాసిచ్చాడో నాకు చెప్పలేదు.

ఆ సాయంత్రం జొన్నరొట్టె, పచ్చిపులుసు. కంచాల ముందు కూర్చున్నాక నేనే అన్నాను.

"బ్యాటరీ కంపెనీ వద్దని రాసిచ్చినవట."

"అవ్."

కాసేపటికి ఆయన అన్నాడు. "గా కంపెనీలనే చేరినవట."

"అవ్."

అత్త రొట్టె చేస్తున్న చెయ్యి ఆపింది. కొట్లాట అవుతుందనుకుని ఉంటుంది. బాపు పచ్చిపులుసు గిన్నె నావైపు జరిపాడు. నేను పోసుకున్నాను. ఇద్దరం తిని లేచాం. కొట్లాడుకోవడానికి కావలసిందేదో మా ఇద్దరిలోనూ లేదు.

ఎండలు ముదిరాయి. వెంకటసాయి రోజూ షెడ్డుకొచ్చి, బట్టలు కప్పిన మిషన్ల మధ్య తిరిగి, వెళ్లిపోయేవాడు. పనికోసం ముందే శిక్షణ ఇప్పించినవాళ్లలో నందిని అనే అమ్మాయి ఎదురుచూసి ఎదురుచూసి హయత్‌నగర్‌లో బట్టల షాపులో చేరిపోయింది. ఇంకో ఇద్దరు ఫోన్లు ఎత్తడం మానేశారు. మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి షెడ్డు రేకులు రెండు ఎగిరిపోయాయి. పూత ఆరబెట్టే మిషన్ మీద వాన పడింది. నేను వెళ్లేసరికి వెంకటసాయి దాని పక్కనే నేలమీద కూర్చుని, చేతిగుడ్డతో దాని తలుపు తుడుస్తున్నాడు. ఎంత తుడిచినా పైనుంచి చుక్క పడుతూనే ఉంది.

"పక్క రాష్ట్రంలో స్థలం ఇస్తామంటున్నారండి. రెండు నెలల్లోగా ఏదో ఒకటి చెప్పాలి" అన్నాడు. తర్వాత, నావైపు చూడకుండా, "మీ నాన్నగారితో ఒక్కసారి నేను మాట్లాడొచ్చా?" అన్నాడు.

"మాట్లాడండి. నేను మాత్రం మాట్లాడను."

ఆ ఆదివారం అతను మా ఇంటికి వచ్చాడు. బాపు మంచం వాల్చాడు, అత్త చాయ్ ఇచ్చింది. వెంకటసాయి తన సంచిలోంచి చిన్న డబ్బా తీసి మూత విప్పాడు. లోపల బూడిదరంగు పొడి. ఇందులో విషం లేదనీ, సీసానికీ దీనికీ సంబంధం లేదనీ నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. చెప్పి, నమ్మకం కలగడానికి కాబోలు, ఆ పొడిని తన అరచేతిలో పోసుకున్నాడు.

బాపు ఆ చేతిని చూశాడు.

"గట్ల చెయ్యకు బిడ్డా, కడుక్కో" అన్నాడు. "గా షెడ్డుల మేస్త్రీ గూడ గిట్లనే చేసిండట. ఆడోళ్లు భయపడ్తున్రని ఆ మసి చేతితోనే రొట్టె తిని చూపిచ్చిండట. మా ఆమె ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పింది."

వెంకటసాయి చెయ్యి అలాగే ఉండిపోయింది. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి వాకిట్లో పోసింది.

"మాకు అన్ని కాగితాలూ ఉన్నాయండి" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"దానికి ఒక్క కాగితం లేకుండె. దాన్ని ఎవ్వరు ఆపలే. నీకన్ని ఉన్నయ్, నిన్ను ఆపిన్రు. అవ్, అన్యాయమే. గాని నేను ఇప్పుడు ఎవ్వర్ని నమ్మాలె చెప్పు?"

వెంకటసాయి డబ్బా మూత పెట్టి సంచిలో వేసుకున్నాడు. వెళ్లేటప్పుడు బాపుకు దండం పెట్టాడు. బాపు గేటుదాకా వెళ్లి సాగనంపాడు.

మర్నాటి నుంచి నేను మండలాఫీసు వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాను. కృపారాణి మేడం వచ్చేటప్పుడు లేచి నిలబడేదాన్ని, వెళ్లేటప్పుడు లేచి నిలబడేదాన్ని. విసుగు లేదు, కోపం లేదు. ఎండలో మా బర్రె అలా నిలబడుతుంది. చివరికి ఆమే నన్ను లోపలికి పిలిచింది.

"ఎందుకమ్మా రోజు పరేషాన్ అయితవ్? నేను ఎన్‌ఓసీ ఇయ్యనని చెప్పిన కదా."

"ఎన్‌ఓసీ వద్దు మేడం. గ్రామసభ పెట్టండి. అబ్జక్షన్ ఉన్నోళ్లు అందరి ముందట అడుగుతరు. మేం చెప్తం. మీరు రెండు రాసుకొని పైకి పంపండి. అప్పుడు మీ మెడకేం చుట్టుకోదు."

"మీ నాయన అడుగుతడు కదా?"

"అడుగుతడు."

"చెప్పేదెవరు?"

"నేనే."

మంచినీళ్ల సీసా నావైపు తోసి, తాగమంది.

సభ మృగశిర దాటాక పెట్టారు. ముందురోజు చాటింపు వేయించారు. ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా వచ్చింది. తొలకరి పడి బడి ఆవరణ బురదగా ఉంది. జనం వరండాలో, మెట్లమీద, గొడుగుల కింద నిలబడ్డారు. మేడం బల్ల ముందు కూర్చుంది. పంచాయతీ కార్యదర్శి ఐలేష్ ఆమె పక్కన రాసుకుంటున్నాడు. నాకు మైకు ఇచ్చారు. ముందురోజు వెంకటసాయి, నేను కలిసి తయారుచేసుకున్నవన్నీ చెప్పాను. ఎంత మందికి పని, ఎంత కరెంటు, ఎన్ని నీళ్లు, మిషన్లు కడిగిన నీళ్లు ఏ ట్యాంకులోకి పోతాయి. నా గొంతు నాకే దూరం నుంచి వినిపించింది. మీసేవలో టోకెన్ నంబర్లు పిలిచే గొంతు అది.

"ఎవరన్న అడిగేటోళ్లు ఉన్నరా?" అంది మేడం.

బాపు లేచాడు. ఆయనకు మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

"మిషన్లు కడిగిన నీళ్ల సంగతి చెప్పిన్రు మేడం" అన్నాడు. మేడం అన్నది కృపారాణిని కాదు, నన్ను. "పనికొచ్చిన ఆడోళ్లు సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు చేతులు ఏడ కడుగుతరు?"

మా దగ్గరున్న ఫైలు లావుగా ఉంది. అందులో ఆ సంగతి లేదు. నేను వెంకటసాయి వైపు చూడలేదు.

"షెడ్డులనే కడుగుతరు" అన్నాను.

"బట్టలు?"

"కంపెనీ బట్టలు కంపెనీలనే ఉంటయ్. పొద్దున అక్కడ మార్చుకోవాలె, సాయంత్రం స్నానం చేసి, ఇంటి బట్టలు కట్టుకొనే బయటికి రావాలె. గా నీళ్లు గూడ ట్యాంకులకే పోతయ్. పనిల చేరకముందు అందరికి రక్తపరీక్ష. ఆర్నెల్లకోసారి మళ్ల."

ఇవేవీ మేము అనుకున్నవి కావు. వెనక వెంకటసాయి లేచి నిలబడ్డ చప్పుడైంది. "చేస్తామండి" అన్నాడు. "స్నానాల గదులు కట్టాకే మిషన్లు మొదలుపెడతాం."

"ఎవరు చూస్తరు చేసిండ్రో లేదో?" అన్నాడు బాపు.

"నేను చూస్త."

వాన కాస్త పెరిగింది. ఐలేష్ తల ఎత్తకుండానే, "హామీ ఇచ్చినోళ్ల పేరు రాయాలె. తండ్రి పేరు గూడ" అన్నాడు.

"హిమజ. తండ్రి కాశయ్య."

ఐలేష్ మా ఊరివాడు కాదు. రాసేసుకున్నాడు. మిగతా ఊరంతా బాపు వైపు తిరిగింది. బాపు కూర్చోబోయి, మళ్లీ నిలబడ్డాడు.

"నా అబ్జక్షన్ నేను వాపస్ తీస్కోను. అట్లనే ఉండనియ్యండి. గా పిల్ల చెప్పింది గూడ దాని కిందనే రాయండి."

"రెండు రాస్త" అంది కృపారాణి మేడం.

అంతే జరిగింది. చప్పట్లు కొట్టినవాళ్లు లేరు, గొడవ చేసినవాళ్లు లేరు. జనం గొడుగులు విప్పుకుని వెళ్లిపోయారు. నేను, బాపు వేర్వేరు దార్లలో ఇంటికి చేరాం. మేడం చెప్పినట్టే రెండూ రాసి, షరతులతో పైకి పంపింది. ఆషాఢంలో ఎన్‌ఓసీ వచ్చింది. వెంకటసాయి ఫోన్ చేసి చెప్పాడు. పక్కన వాళ్లమ్మ వెంకాయమ్మ గారు ఎవరికో స్వీట్లు తెమ్మని చెప్పడం వినిపించింది. మంచిదండి అన్నాను. ఫోన్ పెట్టేసి, ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్లాను.

వెంకటసాయి అన్నిటికంటే ముందు స్నానాల గదులు కట్టించాడు. తర్వాత పనిలో చేరేవాళ్లందరికీ రక్తపరీక్షలు. చెప్పింది నేనే కాబట్టి నేనూ చేయించుకున్నాను.

రిపోర్టులు చూసిన డాక్టరమ్మ నన్ను విడిగా కూర్చోబెట్టింది. ఆమె పేరు రూత్. నా రక్తంలో సీసం ఉండాల్సినదానికంటే ఎక్కువుందని చెప్పింది. మా వాడకట్టు ఇళ్ల నుంచి చేరిన ఇంకో ఇద్దరు ఆడవాళ్లకు కూడా ఉందట. పట్నం వైపు నుంచి వచ్చినవాళ్లలో ఎవరికీ లేదట.

"ఇది ఈ కంపెనీది కాదు. ఇంకా పనే మొదలుపెట్టలేదు కదా. ఇది పాతది. బట్టలకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది, మట్టిలో ఉండిపోతుంది" అంది. "మీరు పెద్దవాళ్లు, మందులతో, మంచి తిండితో తగ్గుతుంది. మీ వైపు చిన్నపిల్లలు ఉంటే వెంటనే పరీక్ష చేయించండి. వాళ్ల మెదడు మీద పడుతుంది."

నేను అడగాల్సినవి అడిగాను. మందుల చీటీ తీసుకున్నాను. ఆటోలో కూర్చున్నాక నా చేతులు చూసుకున్నాను. అమ్మ ఆ చీర చెంగుతోనే నా మూతి తుడిచేది. అది గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఊరుకుంది.

ఇంటికెళ్లేసరికి బాపు బర్రెకు కుడితి పెడుతున్నాడు. నిలబడే చెప్పాను. ఆయన బకెట్టు కింద పెట్టలేదు. బర్రె తల దూర్చి తాగుతూ ఉంటే అలాగే పట్టుకుని ఉన్నాడు.

"ఎవ్వరికి చెప్పకు" అన్నాడు చివరికి.

"ఎందుకు బాపు?"

"మీ అమ్మనే తెచ్చి పిల్లకు అంటిచ్చిందంటరు. సచ్చిపోయిన మనిషిని ఎందుకు అనిపియ్యాలె?"

"సరే" అన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరే అనేదాన్ని.

గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్న మణెమ్మ అత్త చాట పక్కన పెట్టింది. "కాశయ్యా, వాడకట్టు పోరగాండ్లు గా కుప్ప మీదనే ఆడుతరు. పొద్దున గూడ చూసిన" అంది. ఇంకేమీ అనలేదు. బాపు ఆ పూట అన్నం తినలేదు.

తెల్లారి నేను ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాను. చాయ్ హోటల్ దగ్గర మగవాళ్లు గుమిగూడి ఉన్నారు. బాపు వాళ్ల మధ్యలో ఉన్నాడు. ఆయన నన్ను చూసి కూడా ఆపలేదు.

"మా రుక్కమ్మ చీరెకు పట్టి ఇంటికొచ్చింది గా సీసం. మా పిల్ల రక్తంల ఉన్నదట. గా షెడ్డులకు మీ ఇండ్లల్లకెళ్లి గూడ పనికి పోయిన్రు కదా. పసిపిల్లల్ని జల్ది దవాఖానకు తోల్కపోండ్రి."

"గట్లెందుకంటవ్ కాశన్నా, పోయినామెను పట్టుకొని" అన్నారెవరో.

"ఆమెకు ఎరుక లేకుండె. మనకు ఎరుకైంది."

గ్లాసు బల్లమీద పెట్టి, తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు. ఒక ఇంట్లో తిట్టారు కూడా. ఆ ఇంటికి సాయంత్రం మళ్లీ వెళ్లాడు. నేను కృపారాణి మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె ఆ రోజే వచ్చి కుప్ప చుట్టూ కంచె వేయించి, దాన్ని తీయించడానికి పైకి రాసింది. తీయడానికి చాలా రోజులు పట్టింది గానీ, పిల్లలు అటు వెళ్లడం ఆ రోజుతోనే ఆగింది.

పిల్లల పరీక్షల కోసం వెంకటసాయి వ్యాను పంపాడు. పిల్లలు, తల్లులు, ఒకామె చంకలో చంటిబిడ్డ. సూది గుచ్చుతారని ఎవరో చెప్పేసినట్టున్నారు, పిల్లల్లో సగంమంది అప్పటికే ఏడుస్తున్నారు. బాపు ఒక్కొక్కరినీ ఎత్తి లోపల కూర్చోబెట్టి, తనూ ఎక్కాడు. నేను తలుపు వేయబోతుంటే ఆపాడు.

"నువ్వెక్కవా?"

"నాది అయిపోయింది కదా బాపు. షెడ్డుకు పోవాలె, ఇయ్యాల మిషన్లు చాలూ చేస్తున్నరు."

"అయినా ఎక్కు."

ఎక్కాను. ఆయన పక్కన జాగా చేసి, ఏడుస్తున్న ఒక పిల్లను నా ఒళ్లో పెట్టాడు. వ్యాను సాగర్ రోడ్డు ఎక్కింది. కిటికీలోంచి వానగాలి కొడుతోంది. ఒళ్లో పిల్ల నా కొంగు నోట్లో పెట్టుకోబోతే నెమ్మదిగా లాగేశాను. ముందుకే చూస్తూ బాపు అడిగాడు.

"పొద్దున ఏమన్న తిన్నవా?"

"లేదు."

అన్నాక తెలిసింది, నాకు ఆకలవుతోందని. చాలా ఆకలవుతోంది. ఆ మాట కూడా చెప్పాను.

బాపు ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టాడు. "తమ్మీ, జర ఏడన్న హోటల్ కాడ ఆపు. మా పిల్ల ఏం తినలే."